దత్తత ఫైలు ఆగిపోతే అది దేవుడి 'వద్దు' అనుకోవాలా?

సిస్టర్, వందనాలు.

మీరు రాసింది చదివాను. మీవారికి అమెరికా పౌరసత్వం ఉంది, మీరు గ్రీన్ కార్డు మీద డాలస్‌లో ఉంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక శిశుగృహలో ఉన్న మూడేళ్ల పాప రెఫరల్, అంటే ఈ బిడ్డను తీసుకుంటారా అని అడుగుతూ పంపే వివరాలు, వచ్చింది, మీరు ఒప్పుకున్నారు. అమెరికా వైపు ఐ-800కు, అంటే దత్తత బిడ్డను అక్కడికి తెచ్చుకోవడానికి వేసే దరఖాస్తుకు, ప్రొవిజనల్ అప్రూవల్ అయింది, ఢిల్లీలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా ఇచ్చింది. ఇక టికెట్లు కొనుక్కోవడమే అనుకుంటుండగా ఫైలు, దత్తత ఆర్డర్ ఇవ్వాల్సిన కలెక్టరేట్‌లో ఆగింది. కలెక్టర్ బదిలీ అయ్యారు, కొత్తవారు వచ్చేసరికి ఎన్నికల పని మీద పడింది. ఏజెన్సీని ఎప్పుడడిగినా "ప్రాసెస్‌లో ఉంది" అంటున్నారు. పాప నాలుగో పుట్టినరోజు అక్కడే అయిపోయింది. ఈలోగా మీ సంఘంలో ఒక పెద్దావిడ "దేవుడు తలుపు మూస్తుంటే మీరు నెడుతున్నారేమో" అన్నారు. అప్పటినుంచి ప్రార్థనకు మోకరిస్తే మాట రావడం లేదన్నారు.

మా అబ్బాయి తెలంగాణ నుంచి ఇలాగే మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. ఆ రోజుల్లో ఆర్డర్ కోర్టు ఇచ్చేది. ఆ తర్వాత నుంచి మా సంఘంలోనూ చుట్టుపక్కల తెలుగు సంఘాల్లోనూ దత్తతకు వెళ్తున్న దంపతుల పక్కన కూర్చుని, కాగితాల్లోనూ కన్నీళ్లలోనూ తోడుంటూ వస్తున్నాను. నేను లాయర్‌ను కాదు, పాస్టరమ్మనూ కాదు. మీ ఏజెన్సీ వాళ్ల మాట కాదని నా మాట వినమనను. కానీ మీరు అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం గట్టిగానే చెప్తాను.

ఆలస్యంలో దేవుడి జవాబు వెతకొద్దు. అది "వద్దు" కాదు, "పరీక్ష" అని కూడా నాకు నేనుగా పేరు పెట్టలేను. మీ ఫైలు ఒక ఆఫీసులో, ఒక మనిషి బల్ల మీద ఉంది. ఆ మనిషి బదిలీ అయ్యాడు. కలెక్టరే జిల్లా ఎన్నికల అధికారి కాబట్టి ఎన్నికలొస్తే మిగతా ఫైళ్లన్నీ పక్కకు జరుగుతాయి. మీ విషయంలో మనకు తెలిసినది ఇంతే. తెలిసిన కారణాన్ని పక్కనపెట్టి, తెలియని కారణాన్ని దేవుడికి అంటగట్టడం భక్తి కాదమ్మా.

యోసేపు సంగతి గుర్తు చేసుకోండి. చెరసాలలో ఐగుప్తు రాజు ఫరోకు పానీయం అందించే పానదాయకుల అధిపతికి కల భావం చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, "నీకు మేలు కలిగినప్పుడు నన్ను గుర్తుపెట్టుకో, ఫరోతో నా సంగతి చెప్పు" అని అడిగాడు. అంటే దేవుడు తోడున్న మనిషే, తన కేసు గురించి తాను నోరు విప్పి అడిగాడు. ఆ అధికారి బయటికెళ్లి మర్చిపోయాడు. రెండేళ్లు గడిచిపోయాయి. ఆ రెండేళ్లకు బైబిల్ అక్కడ చెప్పే కారణం ఒక్కటే, ఆ అధికారి మరుపు. యోసేపు పాపం చేశాడనో, అతని విశ్వాసం చాలలేదనో లేదు. చివరికి దేవుడు ఆ కథను ఎటు తిప్పాడన్నది మనకు తెలుసు గానీ, లోపల ఉన్నప్పుడు యోసేపుకు తెలియదు. తెలియకుండానే ఆ రోజు పని ఆ రోజు చేస్తూ ఉన్నాడు. మీరు ఇప్పుడున్న చోటు అదే. మీ సంఘం పెద్దావిడకు జవాబు చెప్పాల్సి వస్తే ఇది చాలు. చెప్పకపోయినా పర్వాలేదు.

ఇంకో మాట కూడా మన సంఘాల్లో వినిపిస్తుంది. మీరు రాయలేదు గానీ విని ఉంటారు. "అబ్రాహాము దేవుడు మాటిచ్చిన కొడుకు కోసం ఆగకుండా, తొందరపడి దాసి ద్వారా ఇష్మాయేలును కన్నట్టు, మీరు కూడా సొంత బిడ్డ కోసం కనిపెట్టుకోకుండా..." అని. ఈ మాట నాకు చాలా కోపం తెప్పిస్తుంది. దత్తత అంటే దేవుడి ప్రణాళిక చెడిపోతే చేసుకునే రెండో ఏర్పాటు కాదు. మోషే ఫరో కుమార్తె ఇంట పెరిగాడు, తల్లీతండ్రీ లేని ఎస్తేరును మొర్దెకై కూతురిగా పెంచాడు. ఇద్దరి వల్లా ఒక జనం ప్రాణం నిలిచింది. పౌలు మనల్ని దేవుని ఇంటి పిల్లలని చెప్పడానికి ఎంచుకున్న పోలిక కూడా దత్తతే. అలాంటి మాట మీ ముందు ఎవరైనా అంటే మర్యాదగా లేచి వెళ్లిపోండి. వాదించే ఓపిక మీకిప్పుడు పాప కోసం కావాలి.

ఇక ఇన్ని మెట్లెందుకన్నారు, "ఒక బిడ్డకు ఇల్లివ్వడానికి ఇంత శిక్షా" అన్నారు. ఈ ప్రశ్నకు జవాబు మన తెలుగు నేల మీదే ఉంది. 1999లో, మళ్లీ 2001లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏం బయటపడిందో మీకు గుర్తుండకపోవచ్చు, మీరు చిన్నవాళ్లై ఉంటారు. లంబాడీ తండాల్లో పుట్టిన ఆడపిల్లలను దళారులు పేద తల్లుల దగ్గర కొద్ది డబ్బుకు కొని, దత్తత సంస్థలకు చేర్చారు. అక్కడినుంచి విదేశాలకు పంపే వ్యాపారం నడిచింది. కాగితం మీద అంతా సక్రమంగానే కనిపించేది. ఆ పిల్లల్ని దత్తత తీసుకున్న కుటుంబాల్లో చాలామంది మనలాగే ప్రార్థన చేసి, మంచి మనసుతో వచ్చినవాళ్లే. వాళ్లకు తెలియదు. కానీ ఎక్కడో ఒక తండాలో ఒక తల్లి ఒడి ఖాళీ అయింది.

ఇప్పుడున్న మెట్లు అలాంటి గాయాల మీద కట్టినవి. 1984లో సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే కేసులో విదేశీ దత్తతలకు మొదటిసారి గట్టి నియమాలు పెట్టింది. విదేశీ దత్తతల మీద 1993లో కుదిరిన హేగ్ అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 2003లో ఆమోదించింది, అమెరికాలో అది 2008లో అమల్లోకి వచ్చింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. వదిలేసిన బిడ్డ దొరికితే, కన్నవాళ్ల కోసం వెతికి బాలల సంక్షేమ కమిటీ తేల్చాలి. రెండేళ్ల లోపు బిడ్డకు రెండు నెలలు, అంతకన్నా పెద్దబిడ్డకు నాలుగు నెలలు. ఆ తర్వాత కూడా ముందు భారతీయుల ఇళ్లలోనే, విదేశాల్లో ఉంటున్న భారత పౌరులను కూడా కలుపుకుని, వెతుకుతారు. 60 రోజుల్లో కుదరకపోతేనే విదేశీ దత్తతకు వీలు. అంటే మీ పాప ఫైలు మీ దాకా వచ్చేలోపే, ఆమెను కన్నతల్లి గురించి ఎవరో ఒకరు విచారించారు. రేపు మీ కూతురు పదహారేళ్లప్పుడు "నన్ను ఎవరి దగ్గరైనా లాక్కొచ్చారా" అని అడుగుతుంది. మావాడు అడిగాడు. అప్పుడు మీరు ఆమె కళ్లలోకి చూసి చెప్పగలిగే జవాబు ఈ కాగితాల్లో ఉంది.

అలాగని కలెక్టరేట్‌లో జరుగుతున్న ఆలస్యం మంచిదే అనను. విచారణకు పట్టే సమయం వేరు, పట్టించుకోకపోవడం వేరు. మొదటిదాన్ని ఓర్చుకోవాలి, రెండోదాన్ని అడగాలి.

అడగడం ఎలాగో చెప్తాను. 2022 సెప్టెంబర్ 1 నుంచి దత్తత ఆర్డర్ ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేట్లకు, అంటే కలెక్టర్లకు మారింది. దరఖాస్తు వేసిన రెండు నెలల్లోపు తేల్చాలని చట్టంలోనే ఉంది. కాబట్టి ఏజెన్సీని "ఏమైంది" అని అడక్కండి. అలా అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అనే వస్తుంది. దరఖాస్తు ఏ తేదీన దాఖలైంది, జిల్లా బాలల పరిరక్షణ విభాగం దగ్గర పరిశీలన పూర్తయిందా, ఏదైనా కాగితం తక్కువైందని రాశారా, ఇప్పుడు ఫైలు ఎవరి దగ్గరుంది అని విడివిడిగా ఈమెయిల్‌లో అడగండి. సవరించిన చట్టంలో జిల్లా మేజిస్ట్రేట్ అంటే అదనపు జిల్లా మేజిస్ట్రేట్ కూడా వస్తారు. కలెక్టర్‌గారికి తీరికలేకపోతే వారి ముందు పెట్టే వీలుందేమో కనుక్కోమనండి. రెండు నెలలు దాటిపోయి ఉంటే ఆ సంగతి తేదీలతో సహా కారాకు రాయమనండి. మర్యాదగా, చిన్నగా, తేదీలతో రాసిన ఉత్తరానికి కోపంతో రాసిన పెద్ద ఉత్తరం కన్నా ఎక్కువ బలం ఉంటుంది. మీరు నేరుగా శిశుగృహకు ఫోన్లు చేయొద్దు. అక్కడి ఆయాలు, సూపర్‌వైజర్లు ఇబ్బందిలో పడతారు.

మీ బంధువు ఒకాయన "కలెక్టరేట్‌లో మనవాళ్లున్నారు, కొంచెం ఖర్చవుతుంది" అన్నారని రాశారు. మీవారు మెత్తబడుతున్నారని కూడా రాశారు. వద్దు. ఒక్క రూపాయి కూడా వద్దు. చట్టం సంగతి చెప్పాలంటే, దత్తత కోసం అడ్డదారి డబ్బు చేతులు మారిందని తేలితే అమెరికా వైపు ఐ-800 కొట్టేయడానికి అదొక్కటే చాలు. ఇన్నాళ్ల కష్టం, పాప భవిష్యత్తు అక్కడితో పోతాయి. విశ్వాసం సంగతి చెప్పాలంటే, మీ విశ్వాసం నిలబడిందా లేదా అన్నది ప్రార్థనలో ఏడుపు వచ్చిందా లేదా అన్న దాంట్లో కన్నా ఇక్కడ ఎక్కువ కనిపిస్తుంది. డబ్బుతో ఈ పని తొందరగా అవుతుందని తెలిసి కూడా ఇవ్వకుండా కూర్చున్న రాత్రి, మీకు ఒక్క మాట ప్రార్థన రాకపోయినా, మీరు విశ్వాసంలోనే ఉన్నారు.

వాగ్దాన కార్డు గురించి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మీకొచ్చిన కార్డు మీది బైబిల్ వచనం చూసి, ఈ ఏడాదే పాప వస్తుందని దేవుడు మాటిచ్చాడని నమ్మారు. ఏడాది అయిపోవస్తోంది, దేవుడు మాట తప్పాడా అన్న భయం పట్టుకుంది. అమ్మా, ఆ వచనం నిజం. కానీ ఆ కార్డు మీద తేదీ మనం రాసుకున్నది. మనవాళ్లలో ఇది చాలామందికి ఉన్న అలవాటే. ఒక వచనం తీసుకుని, దానికి మన కోరికను జతచేసి, గడువు పెట్టి, గడువు దాటగానే విశ్వాసం పోయిందని కుమిలిపోతాం. పోయింది విశ్వాసం కాదు, మనం పెట్టుకున్న గడువు. ఆ కార్డు చించకండి. ఫైలు మీద నుంచి తీసి బైబిల్లో పెట్టుకోండి.

ఇక్కడ ఒక కఠినమైన సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే మీకు అబద్ధపు ధైర్యం ఇచ్చినట్టే. విదేశీ దత్తతలో ఎదురుచూసిన ప్రతి కుటుంబానికీ బిడ్డ రాలేదు. 2012 చివర్లో రష్యా అమెరికన్లకు దత్తతలు నిషేధించింది, 2018లో ఇథియోపియా విదేశీ దత్తతలు ఆపేసింది. 2020లో కోవిడ్ వల్ల చైనా ఆపింది, అప్పటికే బిడ్డ ఫొటో చేతిలో ఉన్న అమెరికా కుటుంబాలు ఏళ్ల తరబడి కనిపెట్టుకున్నాయి, చివరికి 2024 సెప్టెంబర్‌లో బంధువుల పిల్లలకు తప్ప ఇక విదేశీ దత్తతలే ఉండవని ఆ దేశం ప్రకటించింది. వాళ్లలో ఎంతోమంది గాఢంగా ప్రార్థించిన క్రైస్తవులు. వాళ్ల విశ్వాసం చాలలేదని అనడానికి నాకు నోరు రాదు. మీది ఆ పరిస్థితి కాదు. ఎన్‌ఓసీ వచ్చింది, మిగిలింది ఆర్డర్, దాని వెనక పాప కొత్త జనన ధృవీకరణ పత్రం, పాస్‌పోర్టు, దత్తత నియమాల ప్రకారమే జరిగిందని కారా ఇచ్చే కన్ఫర్మిటీ సర్టిఫికెట్, పాప అమెరికా రావడానికి ఐహెచ్-3 వీసా. మీరు దారిలో చాలా దూరం వచ్చారు. అయినా "పాప వస్తేనే దేవుడు మంచివాడు" అన్న నేల మీద కాళ్లు పెట్టుకుంటే, ఆ నేల ప్రతి ఈమెయిల్‌కూ కదులుతుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి సగం కారణం అదేనని నాకనిపిస్తోంది.

పిల్లలు లేక ఏడ్చిన హన్నా కథను అందరూ "ప్రార్థించింది, బిడ్డ పుట్టాడు" అని చెప్తారు. నేను ఆగేది మధ్యలో ఒక చోట. షిలోహులో ఆమె పెదవులు కదులుతుంటే యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమె తన మనసు దేవుని సన్నిధిలో కుమ్మరిస్తున్నానని చెప్పింది. ఆయన సమాధానంగా వెళ్లమన్నాడు. అప్పుడు ఆమె వెళ్లి అన్నం తిన్నది, ఆ తర్వాత ఆమె ముఖంలో దుఃఖం లేదు. అప్పటికింకా ఏమీ రాలేదు. ఇంట్లో ఆమెను ఏడిపించే సవతి పెనిన్నా అలాగే ఉంది. అయినా లేచి అన్నం తిన్నది. బరువు తీసుకెళ్లి దింపాల్సిన చోట దింపింది కాబట్టి తినగలిగింది.

మీకు మాట రావడం లేదంటున్నారు కదా, అయితే సొంతమాట కోసం వెతక్కండి. 13వ కీర్తన ఆరే వచనాలు. దావీదు అందులో "ఎన్నాళ్లు" అని దేవుణ్ని మళ్లీ మళ్లీ నిలదీస్తాడు. దాన్ని గట్టిగా చదవండి, చదివి పడుకోండి. అది అవిశ్వాసం అయితే బైబిల్లో ఉండేది కాదు. ఉపవాసం ఉండాలనిపిస్తే ఉండండి, ఫైలు కదలడానికి బేరంగా మాత్రం ఉండకండి. మీవారు ప్రార్థనలో మౌనంగా ఉంటున్నారని బాధపడొద్దు. చాలామంది మగవాళ్లు ఈ దుఃఖాన్ని మంచం బిగించడంలోనో, గోడకు రంగు వేయడంలోనో చూపిస్తారు. ఏజెన్సీకి రాసే ఈమెయిల్ పని ఆయనకు అప్పజెప్పండి. ఏదో ఒకటి చేస్తున్నానన్న ఊరట ఆయనకూ కావాలి.

నా ప్రార్థన మారింది మాత్రం ఒక ఫొటో వల్ల. మావాడి గురించి పంపిన ఫొటోల్లో ఒకదాంట్లో వాడు గుండుతో, స్టీలు పళ్లెం ముందు కూర్చుని నోరు తెరిచి ఉన్నాడు. పక్కన ఒక చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ముంజేతికి ఆకుపచ్చ గాజులు, ఒకటి సగం విరిగినది, వేళ్ల మధ్య పెరుగన్నం ముద్ద. మొహం లేదు. నేను ఆ ఫొటోను ఎన్నోసార్లు చూశాను గానీ వాడినే చూశాను. ఒకరోజు ఆ చెయ్యి కనిపించింది. నేను ఇక్కడ "ప్రభువా, నా బిడ్డను ఎప్పుడిస్తావు" అని ఏడుస్తున్న ప్రతి రోజూ, అక్కడ ఒకామె ముద్ద కలిపి వాడికి పెడుతోంది. ఆ రోజునుంచి ఆమె కోసం ప్రార్థించడం మొదలుపెట్టాను, ఆమె జీతం కోసం, ఆమె పిల్లల కోసం. తర్వాత వాణ్ని కన్నతల్లి కోసం. తర్వాత ఆ హాల్లో వాడి పక్క మంచాల మీద పడుకునే, ఇంకా ఎవరూ అడగని పిల్లల కోసం. ఫైలు అంతకన్నా వేగంగా ఏమీ కదల్లేదు. కానీ నా ప్రార్థన నా ఎదురుచూపు చుట్టూ తిరగడం మానేసింది, నేను ఊపిరి తీసుకోగలిగాను. మీ దగ్గరున్న ఫొటోలు మళ్లీ తీసి చూడండి, పాప చుట్టూ ఎవరున్నారో చూడండి.

చేతులకు కూడా పని పెట్టుకోండి. చిన్న ఆల్బమ్ ఒకటి తయారుచేయండి, మీ ఇద్దరి ఫొటోలు, ఇల్లు, పాప మంచం, మీ వీధి. ఒక్కో దాని కింద పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక్క వాక్యం: "ఇది అమ్మ", "ఇది నాన్న", "ఇక్కడ నువ్వు పడుకుంటావు". ఆయా చదివి వినిపిస్తుంది. ఏజెన్సీ ద్వారా పంపొచ్చేమో అడగండి. కొత్త మెడికల్ రిపోర్టు, వీలైతే వీడియో కాల్ కూడా అడగండి. పాప తెలుగులోనే మాట్లాడుతుంది, తెలుగులోనే ఏడుస్తుంది. ఇంగ్లీషు నేర్పాలన్న కంగారు అస్సలు వద్దు. విదేశీ దత్తతలో చాలా కుటుంబాలకు లేని సౌలభ్యం మీకుంది, వచ్చిన రాత్రే ఆమె ఏం అడుగుతోందో మీకు అర్థమవుతుంది. ఏ కూర ఇష్టం, దేనికి భయం, నిద్రపుచ్చేటప్పుడు ఏం పాడతారు అని ఆయాను అడిగించి రాసుకోండి. ఇంట్లో ఏవైనా మార్పులుంటే ఏజెన్సీకి వెంటనే చెప్పండి. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, ఇండియా నుంచి అత్తమామలు వచ్చి నెలల తరబడి ఉంటున్నా చెప్పాలి. హోమ్ స్టడీలో, అంటే మీ ఇంటిని, మిమ్మల్ని పరిశీలించి ఇచ్చిన నివేదికలో, రాసినదానికి ఇప్పటి పరిస్థితికి తేడా వస్తే ఆఖర్లో మళ్లీ అదొక ఆలస్యం అవుతుంది.

పాప ఫొటో, పేరు, ఏ ఊరి శిశుగృహ అన్నది సంఘం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, ప్రార్థన కోసమైనా సరే. సంరక్షణలో ఉన్న బిడ్డ వివరాలు బయటపెట్టడం చట్టం ఒప్పుకోదు, ఆర్డర్ రాకముందు అది మీ కేసుకే చేటు. మా స్త్రీల సమాజం శనివారం కూడుకుంటుంది. పేరు లేకుండానే మీ పాపను, మీ ఇద్దరినీ, ఆ కలెక్టరేట్‌లో ఆ ఫైలు చూసే గుమాస్తాను కూడా ప్రార్థనలో పెడతాం. దరఖాస్తు దాఖలైన తేదీ ఏజెన్సీ చెప్పగానే నాకు రాయండి, కారాకు పంపే ఉత్తరం ఇద్దరం కలిసి చూద్దాం.